హుడ్ కొండ మీద కరువు పని

పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుగా ఇరవై ఆరో నంబరు రోడ్డు పట్టుకుంటే, శాండీ ఊరు దాటేదాకా హుడ్ కొండ కాసేపు కనిపిస్తూ కాసేపు దాక్కుంటూ వస్తుంది. ఆ తర్వాత డగ్లస్ ఫర్ చెట్లు రోడ్డుకు రెండువైపులా కమ్ముకుంటాయి, కొండ ఎటు పోయిందో తెలీదు. గవర్నమెంట్ క్యాంప్ అనే చిన్న ఊరు దాటగానే ఎడమకు తిరిగి, ఆరు మైళ్ళ మెలికల దారి ఎక్కాలి. ఎక్కేకొద్దీ చెట్లు పొట్టిబడి, పలచబడి, ఒకచోట పూర్తిగా ఆగిపోతాయి. సరిగ్గా అక్కడ, సముద్రమట్టానికి దాదాపు 6 వేల అడుగుల ఎత్తున, రాతి పునాది మీద కొయ్యతో కట్టిన టింబర్‌లైన్ లాడ్జ్ ఉంది. దాని వెనక 11 వేల అడుగులు దాటిన మంచుకొండ. మేం వెళ్ళింది జూన్‌లో. కింద హిల్స్‌బరోలో మా అమ్మాయి వాళ్ళ వీధిలో గులాబీలు విరగబూసి ఉన్నాయి. పైన పార్కింగ్ అంచున ఇంకా మంచు గుట్టలు. పిల్లలు స్కీ చెక్కలు భుజాన వేసుకుని తిరుగుతున్నారు.

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు పిల్లలు చూపించే చోట్లకు ఒక వరస ఉంటుంది. సముద్రం, జలపాతం, గుడి, పెద్ద షాపింగ్ మాల్. నేను మాత్రం 1930లలో పనులు పోయినవాళ్ళకు పని చూపించడం కోసం ప్రభుత్వం కట్టించినవి చూస్తానన్నాను. మా అల్లుడు ఇంజనీరు, రాజమండ్రివాడు. "వాటి కోసం వెతకాల్సిన పన్లేదు అత్తయ్యా, మనం రోజూ తిరిగే రోడ్లలో, వంతెనల్లో ఎన్నో అప్పటివే" అన్నాడు. అయినా ఒక వారాంతం నా కోసం కేటాయించి, ముందుగా ఈ కొండ ఎక్కించాడు. నాకు ఈ పట్టుదల ఎందుకో చెప్పాలంటే అనంతపురం సంగతి చెప్పాలి. అది కాసేపట్లో వస్తుంది.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. 1933 నాటికి అమెరికాలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకులు మూతపడి కష్టార్జితాలు పోయాయి. ఇళ్ళు పోయినవాళ్ళు ఊళ్ళ అంచుల్లో రేకులు, అట్టపెట్టెలతో గుడిసెలు వేసుకున్నారు. పోర్ట్‌లాండ్ ఉన్న ఓరెగాన్ రాష్ట్రం అంటే కలప. ఇళ్ళు కట్టేవాళ్ళే లేనప్పుడు కలప ఎవడు కొంటాడు? కోతమిల్లులు ఆగిపోయాయి. ఆ ఏడాది మార్చి 4న గద్దెనెక్కిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నెల తిరక్కుండానే యువకుల కోసం ఒక దళం పెట్టాడు. సివిలియన్ కన్జర్వేషన్ కోర్, అందరి నోటా సీసీసీ. పద్దెనిమిదేళ్ళు దాటిన, పెళ్ళికాని పేదింటి కుర్రాళ్ళను అడవుల్లో క్యాంపులకు పంపి, చెట్లు నాటించి, బాటలు వేయించారు. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పోయేవి. 1942లో ఎత్తేసేలోగా సుమారు 30 లక్షలమంది అందులో పనిచేశారు. వాళ్ళు నాటిన చెట్ల లెక్క 300 కోట్లకు దగ్గరగా చెబుతారు.

1935లో ఇంకా పెద్దది, వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది. డబ్ల్యూపీఏ అంటారు. దాన్ని నడిపినవాడు హ్యారీ హాప్కిన్స్. ఊరికే డబ్బు చేతిలో పెడితే మనిషి ఒళ్ళు నిలుస్తుందిగానీ మనసు నిలవదని ఆయన గట్టిగా నమ్మాడు. పని ఇవ్వాలి, అది వాడికి వచ్చిన పనైతే మరీ మంచిది. ఎనిమిదేళ్ళలో ఎనభై లక్షలమందికి పైగా ఆ మస్టర్లలో చేరారు. 6.5 లక్షల మైళ్ళ రోడ్లు, లక్షకు పైగా ప్రభుత్వ భవనాలు, వేల వంతెనలు తయారయ్యాయి. అంకెలు అంకెలుగా పెద్దవే. ఈ కొండ మీద నేను చూడాలనుకున్నది ఆ అంకెల్లో పట్టని సంగతి.

లాడ్జి పని 1936 వేసవిలో మొదలైంది. పనివాళ్ళకు కింద సమ్మిట్ మెడో దగ్గర డేరాలు వేశారు. రోజూ లారీల్లో పైకి తెచ్చి, సాయంత్రం దించేవారు. మంచు పడేలోగా పైకప్పు ఎక్కించాలి, లేకపోతే ఏడాది పోతుంది. ఎక్కించారు. చలికాలమంతా లోపలి పని సాగింది. 1937 సెప్టెంబరు 28న రూజ్‌వెల్ట్ స్వయంగా కొండెక్కి ప్రారంభోత్సవం చేశాడు. పట్టుమని పదిహేను నెలలు. మామూలు కూలీకి గంటకు 55 సెంట్లు, తాపీ మేస్త్రి లాంటి పనిమంతుడికి 90 సెంట్లు. ఆ దేశంలో కనీస వేతన చట్టం 1938లో వచ్చింది. అప్పుడు అది కట్టిన రేటు గంటకు 25 సెంట్లు. సాయం కింద ఇచ్చిన పనికి ఆ రెండింతలు దాటిన కూలి ఇచ్చారంటే నేను కాసేపు ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. డబ్ల్యూపీఏ ఈ భవనం మీద పెట్టిన ఖర్చు దాదాపు 7 లక్షల డాలర్లు. అందులో సుమారు 80 శాతం కూలికే పోయింది. యంత్రాలతో త్వరగా తేల్చేయగల పనిని కూడా చేతులకే వదిలారు, ఎక్కువమందికి పని దొరకాలని. కొందరు కొన్నాళ్ళు చేసి దిగిపోతే వాళ్ళ స్థానంలో ఇంకొందరు ఎక్కేవారు.

రాళ్ళు పేర్చినవాళ్ళలో ఇటలీ నుంచి వలస వచ్చిన మేస్త్రీలు ఉన్నారు. అంతకుముందు కొలంబియా నది వెంబడి రోడ్డుకు గోడలు కట్టిన చేతులు అవి. పునాది గోడ దగ్గర నిలబడి చూస్తే ఏ రాయీ ఇంకో రాయిలా ఉండదు. కొన్ని మనిషంత ఉన్నాయి, కొన్ని గుప్పెడంత. వాటి మధ్య సందుల్లో సిమెంటు కంటే రాయే ఎక్కువ. గోడ కింద వెడల్పుగా మొదలై పైకి పోతూ సన్నబడుతుంది, కొండే కాస్త పొడుచుకొచ్చినట్టు. మా అల్లుడు చెయ్యి ఆనించి "ఇట్లాంటి గోడకు ఇవాళ టెండర్ పిలిస్తే ఎవరూ రారు" అన్నాడు.

తలుపు తోసుకుని లోపలికి పోతే మధ్యలో ఆరు మూలల పెద్ద హాలు. దాని నడుమ ఆరు మూలల రాతి పొగగొట్టం కప్పును చీల్చుకుని పైకి పోతుంది. కింది అంతస్తులో మూడు ఫైర్‌ప్లేసులు, పై అంతస్తులో మూడు. చుట్టూ పాండరోసా పైన్ స్తంభాలు. గొడ్డలితో, బాడిసెతో చెక్కినవి. వెలుతురు పక్కవాటుగా పడినప్పుడు స్తంభం మీద బాడిసె దెబ్బ ఒక్కొక్కటీ కనిపిస్తుంది. నునుపు చేసి ఆ గుర్తులు చెరిపేయవచ్చు, కావాలనే ఉంచారు.

మెట్ల దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. చేతికమ్మీ మొదలయ్యే చోట ఒక లావు కొయ్య గుంజ ఉంటుంది కదా, ఇక్కడ ప్రతి మలుపులోనూ ఆ గుంజ తల ఒక జంతువు. ఒకచోట గుడ్లగూబ, ఒకచోట ఎలుగుబంటి, ఇంకోచోట బీవర్. ఈ కొండ అడవిలో తిరిగేవే అన్నీ. ఆ కొయ్య కొత్తగా కొన్నది కాదు. తీగలు లాగడానికి వాడి, పాతబడ్డాక పక్కన పారేసిన స్తంభాలు తెచ్చి చెక్కారు. గుడ్లగూబ తల మీద చెయ్యి పెట్టాను. ఈకల గీతలు చెవుల దగ్గర ఇంకా గరుకుగా తగులుతున్నాయి. నడినెత్తి మాత్రం, ఎనభై ఏళ్ళకు పైగా మెట్లెక్కేవాళ్ళ అరచేతులు రాసుకుని, అద్దంలా నున్నబడింది. నా వెనక ఒక పిల్లవాడు తన వంతు కోసం నిలబడ్డాడు. నేను జరగగానే వాడూ దాని నెత్తి నిమిరి పైకి పరిగెత్తాడు.

ఇక్కడ డబ్బు కూలికి పోయాక సామానుకు మిగిలింది తక్కువ. అందుకని పారేసినవి ఏరుకున్నారు. మంచులో జారకుండా లారీ టైర్లకు చుట్టే ఇనుప గొలుసులు అరిగిపోతే, కమ్మరులు వాటిని అల్లి ఫైర్‌ప్లేస్ ముందు నిప్పురవ్వలు ఆపే తెరలు చేశారు. మొద్దులు ఆనించే ఇనుప దిమ్మెలు పాత రైలు పట్టాలను వంచినవి. కమ్మరి కొలిమి పని చూసుకున్నవాడు ఓ.బి. డాసన్. కొయ్య పని రే న్యూఫర్ చేతిలో ఉండేది. ఆ తెర దగ్గర వంగి చూశాను. గొలుసు కణుపు కణుపూ గుర్తుపట్టొచ్చు. ఒక్కో లంకె ఒకవైపు అరిగి సన్నబడి ఉంది, రోడ్డు మీద అరిగిన అరుగుడు. దాన్ని దాచే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

లోపలి అలంకరణ అంతా ఒక స్త్రీ చూసింది. మార్జరీ హాఫ్‌మన్ స్మిత్, పోర్ట్‌లాండ్ ఆవిడ. కుర్చీకి కప్పే గుడ్డ నుంచి దీపం మూత దాకా ఒకదానికొకటి పొసిగేలా గీయించి, చేయించింది. గదులకు ఇక్కడి కొండపూల పేర్లు, ఆ పువ్వు పరదా మీద, నీటిరంగుల బొమ్మలో, కాళ్ళ కింది తివాచీలో కనిపిస్తుంది. ఆ తివాచీలు దేంతో చేశారో తెలుసా? సీసీసీ కుర్రాళ్ళు క్యాంపుల్లో వాడి చింపేసిన దుప్పట్లు, యూనిఫారాలు. వాటిని పేలికలుగా కోసి, రంగులు అద్ది, గోనె మీద కొక్కెంతో లాగి కుట్టారు. కుట్టినవాళ్ళు, మగ్గం మీద నేసినవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళు. చాలామంది ఆ పని అక్కడే నేర్చుకున్నారు. రోజు కూలితో పాటు ఒక విద్య చేతికొచ్చింది.

ఇప్పుడు అనంతపురం సంగతి. మా అమ్మ కరువు పనికి పోయేది. 1970ల చివర్లో మా ఊరి నుంచి పెద్ద రోడ్డుకు దారి వేస్తుంటే కంకర కొట్టింది. నేను చిన్నపిల్లను, తమ్ముణ్ణి చెట్టుకింద ఆడిస్తూ కూర్చునేదాన్ని. అమ్మ గుండ్రాయిని కాలివేళ్ళ మధ్య అదిమిపట్టి సుత్తితో కొట్టేది. చిన్న ముక్క ఎగిరి కంట్లో పడుతుందని తలకు చుట్టిన గుడ్డను కళ్ళమీదికి లాక్కునేది. సాయంత్రం మేస్త్రి వచ్చి కుప్ప కొలిచేవాడు. అప్పుడే పనికి ఆహార పథకం వచ్చింది, కూలిలో కొంత గోధుమల్లో ముట్టేది. గోధుమలతో ఏం చేయాలో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. విసిరి, నూక తీసి, సంగటి కెలికేది అమ్మ. అమ్మకు బొంతలు కుట్టడం వచ్చు. మా తాలూకాలో అట్లాంటి బొంత ఇంకెవరూ కుట్టలేరని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చీరలు తెచ్చి ఇచ్చిపోయేవారు. మస్టరులో ఆమె పేరు పక్కన ఆ సంగతి రాసే గడి లేదు.

టింబర్‌లైన్ తివాచీ పక్కన నిలబడి నాకు వచ్చిన ఆలోచన అదే. మా సీమలో కరువొస్తే ధర్మవరం నేతగాడు మగ్గం ఆపి గడ్డపార పట్టుకుంటాడు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే చెయ్యి చెరువు మట్టి ఎత్తుతుంది. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, బండ్లపల్లిలో, ఉపాధి హామీ పథకం మొదలుపెట్టినప్పుడు మేమంతా సంతోషించాం. అడిగినవాడికి పని హక్కుగా వచ్చింది, వలసలు కొంత ఆగాయి, అది చిన్న సంగతి కాదు. కానీ ఆ చట్టం హామీ ఇచ్చింది నైపుణ్యం అక్కర్లేని ఒంటికష్టానికే. నేతగాడి నేతకు, కమ్మరి కొలిమికి అందులో చోటు పెట్టలేదు. కరువులో మనిషికి ఆకలి తీరడం ఎంత అవసరమో, తనకు వచ్చిన పని చేతిలో ఉండడం కూడా అంతే అవసరమని నేను నమ్ముతాను. ఈ కొండ మీద ఆ రెండూ ఒకే కూలి కింద ఇచ్చారు. చిత్రకారులకూ ఆకలి వేస్తుందన్న మాట హాప్కిన్స్ ఒప్పుకున్నాడు కాబట్టి సి.ఎస్. ప్రైస్ లాంటి చిత్రకారుడి బొమ్మలు ఇక్కడి గోడలకు వేలాడుతున్నాయి.

కరువు పని మనకు కొత్తది కాదు. బకింగ్‌హామ్ కాలవలో మద్రాసు ఊరి మధ్య నుంచి పోయే ముక్క, అడయారును కూవంతో కలిపేది, 1877-78 కరువులో కూలీలు తవ్వినదే. ధాతు కరువు అంటారు మా వైపు పెద్దవాళ్ళు. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. దాంతో రోజంతా మట్టి పని చేసే మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి కార్నిష్ ఎదురు తిరిగి రాశాడు. ఎంత తక్కువ పెడితే ప్రాణం పోకుండా ఉంటుందో చూసుకుని కట్టిన కూలి అది. ఆ కాలవ మీద పడవలు నడిచాయి, కలప, ఉప్పు, బియ్యం మద్రాసు చేరాయి. దాన్ని తవ్వినవాళ్ళు ఏం తిని తవ్వారో గుర్తుంచుకునే చోటు మాత్రం ఆ ఒడ్డున ఎక్కడా లేదు.

ఇక్కడ అమెరికాలోనూ పని అందరికీ సమంగా అందలేదు. సీసీసీలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. జాతిని బట్టి తేడా చూపకూడదని చట్టంలో రాసుకుని కూడా నల్లజాతి కుర్రాళ్ళకు వేరే క్యాంపులు పెట్టారు. డబ్ల్యూపీఏలో ఇంటికి ఒక్కరికే పని, ఆ ఒక్కరు సాధారణంగా మగవాడే. లాడ్జిలో ఒక అలంకరణ వరస మొత్తం అమెరికా మూలవాసుల బొమ్మల తరహాలో ఉంటుంది. ఇక్కడి మూలవాసులకు అదే ప్రభుత్వం చేసింది ఏమిటో చూడాలంటే కొండ దిగి నది దగ్గరికి పోవాలి.

కొండకు తూర్పు నుంచి ముప్పై అయిదో నంబరు రోడ్డు హుడ్ రివర్ ఊళ్ళోకి దింపుతుంది. దారంతా పియర్, ఆపిల్ తోటలు. అక్కడ ఎడమకు తిరిగి కొలంబియా నది వెంట పడమరకు పోతే బానవిల్ డ్యామ్. 1933లో పని మొదలైంది. కట్టింది సైన్యంలోని ఇంజనీర్ల దళం, డబ్బు పీడబ్ల్యూఏ అనే ఇంకో సంస్థది; రూజ్‌వెల్ట్ పెట్టిన ఈ పథకాలన్నిటినీ కలిపి న్యూ డీల్ అంటారు. రూజ్‌వెల్ట్ ముందు దీన్ని ప్రారంభించి, అదే రోజు టింబర్‌లైన్ ఎక్కాడు. డ్యామ్ పని మొదలైనప్పటికి అమెరికా పల్లెల్లో పదింట తొమ్మిదిళ్ళకు కరెంటు లేదు. ప్రైవేటు కంపెనీలు లాభం లేదని తీగ లాగలేదు. ఈ నది కరెంటును ప్రజల సంస్థలకు ముందు ఇవ్వాలని 1937లో చట్టం చేశారు. 1941లో వుడీ గత్రీ అనే పాటగాణ్ణి నెల రోజులకు ఉద్యోగంలో పెట్టుకుని, ఈ డ్యాములకు మద్దతుగా పాటలు కట్టించారు. ఇరవై ఆరు పాటలు కట్టాడు. 266 డాలర్ల చిల్లర జీతం. ఇదే చవక కరెంటు కోసం 2006లో గూగుల్ ఎగువన ది డాల్స్ ఊళ్ళో డేటా సెంటర్ పెట్టింది. రాత్రి వేళ ఇండియాతో మీటింగుల్లో కూర్చునే మన పిల్లల కంప్యూటర్ల వెనక ఈ నది నీళ్ళు తిరుగుతున్నాయని మా అల్లుడు చెప్పాడు.

డ్యామ్ కట్టేటప్పుడే చేపలకు మెట్లు కట్టారు. సముద్రం నుంచి ఎదురీది వచ్చే సాల్మన్ చేప ఒక్కో తొట్టి ఎగిరి దాటి పైకి పోతుంది. నేలమాళిగలో అద్దం కిటికీ ఉంది, చేపలు ఎదురుగా పోతుంటే చూడొచ్చు. 1938 నుంచి ఇక్కడ ఏటా చేపల లెక్క రాస్తున్నారు. మేం వెళ్ళిన రోజు పెద్ద సాల్మన్లు అడపాదడపా వచ్చాయిగానీ, వెండి రంగు చేపలు మాత్రం గుంపులు గుంపులుగా అద్దానికి రాసుకుంటూ పోతున్నాయి. మా అల్లుడు ముక్కు అద్దానికి ఆనించాడు. "అత్తయ్యా, పులస!" షాడ్ అంటారట ఇక్కడ. మన పులస కుటుంబమే. తూర్పు తీరం నుంచి తెచ్చి పందొమ్మిదో శతాబ్దంలో ఈ వైపు నీళ్ళలో వదిలారు. గోదావరిలో పులసకు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే దారి మూసుకుంటుంది. ఇక్కడ దాని చుట్టం మెట్లెక్కి పోతోంది. రాజమండ్రివాడు అక్కడి నుంచి కదలడానికి ఒప్పుకోలేదు. వాళ్ళ అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాడు కూడా.

చేపలకు దారి ఇచ్చారు. మనుషులకు ఇవ్వలేదు. యాకమా, వార్మ్ స్ప్రింగ్స్, యుమటిల్లా, నెజ్ పెర్స్ తెగలవాళ్ళకు తమ పాత రేవుల్లో చేపలు పట్టుకునే హక్కు 1855 ఒప్పందాల్లో రాసి ఉంది. బానవిల్ నీళ్ళు నిండగానే ఆ రేవులు పదుల సంఖ్యలో మునిగాయి. బదులుగా దాదాపు 400 ఎకరాలు ఇస్తామని 1939లో మాట ఇచ్చారు. దశాబ్దాలపాటు చేతికొచ్చింది 40 ఎకరాలే. శ్రీశైలం నీళ్ళ కింద ఊళ్ళు వదులుకున్న మా కర్నూలు, పాలమూరు వాళ్ళకు ఇది అర్థం చేయించనక్కర్లేదు. న్యూ డీల్ అంటే నాకు గౌరవం. ఈ బాకీ కూడా దాని లెక్కలోనే రాయాలి.

మర్నాడు సేలం వైపు, సిల్వర్ ఫాల్స్ పార్కుకు పోయాం. పది జలపాతాలను కలుపుతూ ఏడు మైళ్ళు నడిచే బాట ఉంది. సౌత్ ఫాల్స్ అనే జలపాతం 177 అడుగులు దూకుతుంది, దాని వెనక నుంచి నడిచిపోవచ్చు. నాచు పట్టిన చెట్లు, ఫెర్న్ పొదలు. ఎన్ని వందల ఏళ్ళ అడవో అనుకుంటాం. 1920లలో దీన్ని జాతీయ పార్కు చేయమని అడిగితే, చూడ్డానికి వచ్చిన అధికారి వద్దన్నాడు. చెట్లన్నీ నరికేసి మొద్దులు మిగిలాయి, వికారంగా ఉందన్నాడు. ఆ మొద్దుల నేల మీద సీసీసీ కుర్రాళ్ళు మొక్కలు నాటారు, బాటకు రాతి గోడలు కట్టారు, భోజనాలకు ఒక లాడ్జి కట్టారు. అందులోని బల్లలు, బెంచీలు మిర్టిల్ కొయ్యవి. గీసింది టింబర్‌లైన్ అలంకరణ చూసిన మార్జరీ హాఫ్‌మన్ స్మిత్. గాజు పెట్టెలో పెట్టలేదు వాటిని. మేం ఆ బల్ల మీదే కాఫీ కప్పులు పెట్టుకుని కూర్చున్నాం.

పక్క బెంచీలో మనవళ్ళతో వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నారు. నేను బల్ల అంచు తడిమి చూస్తుంటే పలకరించారు. వాళ్ళ నాన్న సీసీసీలో చేశాడట, ఈ పార్కులో కాదు, తూర్పు ఓరెగాన్‌లో. క్యాంపులో చేరేటప్పటికి బక్కచిక్కి ఉన్నాడట, మూడుపూటలా తిండి దొరికి ఆరు నెలల్లో చొక్కాలు పట్టనంత బలిశాడట. నెలనెలా ఇంటికి వచ్చిన 25 డాలర్లతో నాయనమ్మ పొలం వేలం కాకుండా ఆపిందని చెప్పారు. మా అల్లుడు మధ్యలో మాట అందిస్తుంటే నేనూ మా అమ్మ కంకర కొట్టిన సంగతి చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. కూలి ఎట్లా కొలిచేవారు, గోధుమలు ఎన్ని ఇచ్చేవారు, ఎండలో నీళ్ళు ఎవరు తెచ్చేవారు, అన్నీ అడిగారు. అట్లా నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

"ఆ రోడ్డు ఇంకా ఉందా?" అన్నారు చివరికి.

"ఉంది. పైన తారు పడింది. ధర్మవరం బస్సు దాని మీదే పోతుంది" అన్నాను.